మూసిన సమాధి, తెరుచుకున్న కాలం: హారర్, సైన్స్ ఫిక్షన్ సిద్ధాంతాలను సీమ నుంచి చదివితే

బనగానపల్లె నుంచి యాగంటికి వెళ్ళే దారిలో ఒక పాత బంగళా కనబడుతుంది. బనగానపల్లె నవాబుల వేసవి విడిదిగా ఉన్న ఆ కట్టడాన్ని నవాబు బంగళా అని అడిగితే ఇప్పుడు చెప్పేవారు తక్కువ. 2009లో ‘అరుంధతి’ సినిమా వచ్చినప్పటి నుంచి అందరికీ అది అరుంధతి బంగళాయే. సినిమాలో కథ జరిగేది గద్వాల సంస్థానంలో అయినా దెయ్యం మాత్రం మన ఉమ్మడి కర్నూలు జిల్లా మెట్ట మీదే స్థిరపడిపోయింది. అదే దారిలో ఇంకొంచెం ముందుకు పోతే యాగంటి వస్తుంది. కలియుగాంతంలో అక్కడి బసవన్న లేచి రంకె వేస్తాడని పోతులూరి వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానంలో చెప్పారని సీమలో ప్రతి ఇంట్లోనూ అంటారు. గతం నుంచి తిరిగి వచ్చేదేమిటన్న ప్రశ్న బంగళా దగ్గర ఎదురైతే, ముందు ముందు రాబోయేదేమిటన్న ప్రశ్న బసవన్న దగ్గర ఎదురవుతుంది. సినిమా పండితులు మొదటిదాన్ని హారర్ కింద, రెండోదాన్ని సైన్స్ ఫిక్షన్ కింద విడదీసి చర్చిస్తారు. ఆ చర్చల్లో దాదాపు అన్నింటి అడుగునా ఒక ఒప్పందం ఉంది. చూసేవాడు దెయ్యాన్ని నమ్మడని, ఒకప్పుడు నమ్మి ఉన్నా ఆ నమ్మకాన్ని ఎప్పుడో దాటి వచ్చేశాడని అవి ముందే అనుకుంటాయి. సీమలోని సినిమా హాలులో కూర్చున్నప్పుడు ఆ ఒప్పందం ఎంతవరకు నిలుస్తుందో పరిశీలించడమే ఈ వ్యాసం పని.

ముందుగా మనోవిశ్లేషణ పితామహుడు ఫ్రాయిడ్ సంగతి చూడాలి. 1919లో ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం ‘ఉన్‌హైమ్లిష్’ అనే ఒక్క జర్మన్ మాట చుట్టూ తిరుగుతుంది. ‘హైమ్లిష్’ అంటే ఇంటికి సంబంధించినది, అలవాటైనది అని ఒక అర్థం; దాచిపెట్టినది, రహస్యమైనది అని మరొక అర్థం. ఒకే మాటలో ఇల్లూ రహస్యమూ కలిసి ఉండడం ఆయనకు పెద్ద ఆధారంగా తోచింది. దాగి ఉండవలసినది బయటపడినప్పుడు కలిగే ప్రత్యేకమైన జంకునే ఆ మాట సూచిస్తుందని ఆయన వివరించాడు. ఈ వివరణను ఇంగ్లీషులో చెప్పడానికి పండితులు చాలా అవస్థ పడతారు గానీ, తెలుగువారికి ఆ అవస్థ లేదు. ‘ఇంటిగుట్టు’ అనే మాట మన నాలుక మీదే ఉంది. ఇల్లు, గుట్టు రెండూ అందులోనే ఉన్నాయి. అది బయటికి పొక్కితే ఏమవుతుందో చెప్పే సామెత కూడా దానికి తోడుగా ఉంది. దెయ్యాల బంగళా కథలన్నీ నిజానికి ఇంటిగుట్టు కథలే. ఎవరినో చంపారు, ఎవరినో గోడలో మూశారు, ఆ ఇంటివాళ్ళు దాన్ని ఎవరికీ చెప్పకుండా బతికారు. అయితే ఫ్రాయిడ్ ఇంకో మాట కూడా అన్నాడు. మనం దాటి వచ్చేశామనుకున్న ఆదిమ నమ్మకాలు మళ్ళీ నిజమేమో అనిపించినప్పుడు ఈ జంకు పుడుతుందట. చిక్కంతా ఇక్కడే ఉంది. ఆ నమ్మకాన్ని దాటి రానివారి సంగతేమిటి?

‘అరుంధతి’ని నేను మా జేజితో కలిసి చూశాను. సీమలో జేజి అంటే నాయనమ్మ. ఆ సినిమాలో కథానాయికను జేజమ్మ అని పిలుస్తుంటే మా వరుసలో కూర్చున్న పెద్దవాళ్ళ ముఖాల్లో ఒక ఆప్యాయత కనిపించింది. తెర మీద ముఖాలు వికృతంగా మారినప్పుడు నేను కుర్చీ చేతిని పట్టుకున్నాను గానీ జేజి కదలలేదు. సమాధి పగిలే ఘట్టం వచ్చినప్పుడు మాత్రం ఆమె నిజంగా కలవరపడి, “మూసిపెట్టినదాన్ని యాల తెరుచ్చారు నాయనా?” అని నన్నే అడిగింది. ఆమెకు దెయ్యం ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. చేయకూడని పని ఎవరో చేశారు, అదీ ఆమె భయం. 1970లో సాహిత్య సిద్ధాంతకారుడు త్జ్వెతాన్ తొదొరోవ్ ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం, జరుగుతున్నది భ్రమా లేక నిజంగానే అతీతమా అని పాఠకుడు తేల్చుకోలేక ఊగిసలాడినంత సేపే అద్భుత సాహిత్యం బతుకుతుంది. ఆ ఊగిసలాట నాలో ఉంది, జేజిలో లేదు. అయినా మేమిద్దరం ఒకే సినిమాకు భయపడ్డాం. ఆ సిద్ధాంతం తప్పని నేను అనడం లేదు. అది పక్కపక్కనే ఉన్న రెండు కుర్చీల్లో ఒకదాన్ని మాత్రమే లెక్కలోకి తీసుకుంది అంటున్నాను.

జేజి అడిగిన ప్రశ్నను పట్టుకుని ఇంకొంచెం లోతుకు వెళ్ళవచ్చు. ఆ సినిమాలో దుష్టుడైన పశుపతిని చంపితే ప్రేతమై పీడిస్తాడన్న భయంతో బతికుండగానే సమాధి చేస్తారు. మూసిన సమాధిలో ప్రాణం ఉన్న మనిషి ఉండడమే మనల్ని గగుర్పాటుకు గురిచేసే దృశ్యం. అయితే ఇదే దృశ్యానికి సీమలో లక్షలమంది చేతులు జోడిస్తారు. మంత్రాలయంలో రాఘవేంద్రస్వామి 1671లో సజీవంగానే బృందావన ప్రవేశం చేశారు. దత్తమండలాల కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో అక్కడికి వెళ్ళినప్పుడు స్వామి బృందావనం నుంచి ఆయనతో మాట్లాడారని, ఆ మాటలు మిగిలినవారికి వినిపించలేదని ఒక కథ ప్రచారంలో ఉంది. కడప జిల్లా కందిమల్లాయపల్లెలో బ్రహ్మంగారిది జీవసమాధి; గురువు కోసం కుమిలిపోతున్న శిష్యుడు సిద్ధయ్యకు ఆ సమాధి తెరుచుకుని పాదుకలు, బెత్తం అందాయని చెబుతారు. సమాధిలో ఉన్నవాడు పలకడమూ, బయటికి చేయి చాచడమూ బనగానపల్లె మెట్ట మీద చెప్పుకుంటే హారర్, బ్రహ్మంగారి మఠంలో చెప్పుకుంటే అనుగ్రహం.

అమెరికన్ తత్త్వవేత్త నోయెల్ కరోల్ 1990లో రాసిన గ్రంథం హారర్‌కు అందరికంటే స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది. నేటి విజ్ఞానశాస్త్రం ఒప్పుకోని ప్రాణి కథలో ఉండాలి. దానివల్ల ముప్పు ఉండాలి. పైగా అది అశుచిగా, చూస్తేనే ఏవగింపు కలిగేదిగా ఉండాలి. ఆ అశుచి ఎందుకు కలుగుతుందో చెప్పడానికి ఆయన మానవశాస్త్రవేత్త మేరీ డగ్లస్‌ను ఆధారంగా తీసుకున్నాడు. మనం ప్రపంచాన్ని అరలుగా విభజించుకుంటామని, ఏ అరలోనూ ఇమడనిది మనకు మైలగా తోస్తుందని డగ్లస్ 1966లో వాదించారు. బతికీ చచ్చీ ఉన్నది, మనిషీ జంతువూ అయినది, లోపలిదీ బయటిదీ కలిసిపోయినది అన్నీ అలాంటివే. కరోల్ ఈ వాదాన్ని చక్కగా వాడుకున్నాడు గానీ, డగ్లస్ గ్రంథంలోనే ఉన్న రెండో సగానికి ఆయన సిద్ధాంతంలో తగినంత చోటు దొరకలేదని నాకు అనిపిస్తుంది. కాంగో ప్రాంతంలోని లెలె ప్రజలు అలుగును, అంటే మన నల్లమలలో కూడా ఉండే ఆ పొలుసుల జంతువును, ఎలా చూస్తారో ఆమె వివరంగా రాశారు. దానికి చేపలాగా పొలుసులుంటాయి, చెట్లెక్కుతుంది, మనిషిలాగా ఒక్కో కాన్పుకు ఒక్క పిల్లనే కంటుంది. ఏ అరలోనూ ఇమడదు. అందుకే లెలె ప్రజలు దాన్ని పవిత్రంగా భావించి, దాని చుట్టూ ఒక దీక్షాసంప్రదాయాన్నే ఏర్పరచుకున్నారు. అంటే అరలు దాటినది భయపెట్టి తీరాలన్న నియమం లేదు. దానికి ఎదురుగా ఎలా నిలబడాలో ఆ సమాజానికి ఒక పద్ధతి తెలిసి ఉంటే అది దైవమవుతుంది, తెలియకపోతే దెయ్యమవుతుంది. మంత్రాలయానికీ బంగళాకూ ఉన్న తేడా ఇదే. ‘అరుంధతి’ ముగింపు కూడా ఈ సంగతినే చెబుతుంది. జేజమ్మ ప్రాణత్యాగం చేస్తే ఆమె ఎముకలతో ఆయుధం తయారవుతుంది; దధీచి ఎముకలతో వజ్రాయుధం చేసిన కథ తెలిసిన ప్రేక్షకుడికి ఆ ఎముకలు ఏవగింపు పుట్టించవు.

స్త్రీవాద పండితులు హారర్‌ను చదివిన తీరు కూడా ఇక్కడ కొంత మారుతుంది. అమెరికన్ హత్యాచిత్రాల్లో చివరికి ప్రాణాలతో మిగిలే ఒంటరి యువతిని కేరల్ క్లోవర్ ‘ఫైనల్ గర్ల్’ అన్నారు. భయంకరమైనదాన్ని స్త్రీ రూపంలోనే ఊహించుకునే అలవాటును బార్బరా క్రీడ్ 1993లో విశ్లేషించారు. ఆ జేజమ్మే మళ్ళీ పుట్టిన అరుంధతి ఆ మొదటి వర్గానికి దగ్గరగా వస్తుంది గానీ ఒంటరి కాదు. ఆమె వెనుక ముత్తవ్వ ఉంది, వంశం ఉంది, గత జన్మ ఉంది.

ఇక నన్ను ఎన్నేళ్ళుగానో వెంటాడుతున్న విషయానికి వస్తాను. 1993లో మలయాళంలో ‘మణిచిత్రతాళ్’ అనే సినిమా వచ్చింది. మూసి ఉన్న గదిని తెరిచిన ఇంటికోడలు, పూర్వం ఆ ఇంట్లో హత్యకు గురైన నాట్యకత్తె తానేనని మానసికంగా నమ్మడం దాని కథ. ఆ నాట్యకత్తె తంజావూరు నుంచి వచ్చినది. కాబట్టి మలయాళ సినిమాలో ఆమె తమిళం మాట్లాడుతుంది. 2004లో కన్నడంలో ‘ఆప్తమిత్ర’గా తీసినప్పుడు ఆమె తెలుగు మాట్లాడింది. 2005లో తమిళంలో ‘చంద్రముఖి’ వచ్చినప్పుడు కూడా తెలుగే పాడింది. అదే ‘చంద్రముఖి’ని మన కోసం తెలుగులోకి మార్చినప్పుడు ఆ పాట ‘వారాయ్’ అంటూ తమిళమైపోయింది. 2007లో హిందీలోకి వెళ్ళేసరికి నాట్యకత్తె బెంగాలీ అయింది. కథ, గది, గజ్జెలు, కత్తి అన్నీ దాదాపు అలాగే ఉన్నాయి. భాష ఒక్కటే ప్రతిసారీ మారింది. ఏ భాషవారు తీసినా ఆమె పొరుగు భాషకు చెందినదే అయింది. ఆమెను ఎవరూ ఇంగ్లీషు మాట్లాడించలేదు, జర్మన్ మాట్లాడించలేదు. మరీ దూరపు భాష అయితే భయం పుట్టదు, ఎవరో పరాయివాళ్ళ గొడవగా మిగిలిపోతుంది. సగం అర్థమై సగం అర్థం కాని భాషే గుండెల్లో జంకు పుట్టిస్తుంది. ఇది ఫ్రాయిడ్ చెప్పిన ఇంటిగుట్టుకు భాషాపరమైన రూపం అని నేను అనుకుంటున్నాను.

అనంతపురం జిల్లాలో పెరిగినవారికి ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. ఇక్కడ చుట్టరికాలు బళ్ళారికీ పావగడకూ పోతాయి. పెళ్ళిలో సగంమంది కన్నడం మాట్లాడతారు. ఆ భాష మనకు పరాయిది కాదు, అలాగని పూర్తిగా మనదీ కాదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. తమిళ సినిమాలో నాట్యకత్తె తెలుగు పాడడానికి పొరుగుతనమే కాక చరిత్ర కూడా కారణం. తంజావూరు నాయకరాజుల కాలం నుంచి ఆ ఆస్థానంలో సంగీతానికీ నాట్యానికీ తెలుగే భాషగా ఉండేది. తమిళ ప్రేక్షకుడికి ఆ తెలుగు పాత రాజమందిరాల వాసనతో వస్తుంది. కాబట్టి పొరుగు భాషల మధ్య ఉన్న కళాసంబంధమూ, కోరికా, అనుమానమూ మూడూ కలిసి ఆ పాత్రను నిర్మించాయని చెప్పడమే న్యాయం.

దీనికి పక్కనే పెట్టి చూడవలసిన మరొక జ్ఞాపకం ఉంది. 1990లలో కర్ణాటకలో ఇళ్ళ తలుపుల మీద ‘నాళె బా’ అని రాసుకుంటే, మన వైపు ‘ఓ స్త్రీ రేపు రా’ అని రాశారు. మా వీధిలో కొందరు సుద్దముక్కతో రాస్తే కొందరు పసుపుతో రాశారు. వానకు చెరిగిపోతే మళ్ళీ రాసేవారు. రాత్రిపూట తలుపు తట్టే ఆ స్త్రీ ఏ ఊరికి పోతే ఆ ఊరి లిపి చదవగలిగింది. తెర మీది దెయ్యం పొరుగు భాష మాట్లాడుతుంటే గడప ముందరి దెయ్యం మన భాష చదివేది. ఎందుకంటే గడప దగ్గర జరిగేది బేరం. బేరమాడాలంటే ఇద్దరికీ తెలిసిన భాష కావాలి.

మనకు ఇష్టం లేని భయాన్ని డబ్బిచ్చి మరీ ఎందుకు చూస్తామన్నది పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో పెద్ద చిక్కుముడి. ఆ వింత ప్రాణి ఏమిటో తెలుసుకోవాలన్న కుతూహలమే మనల్ని కూర్చోబెడుతుందని, ఏవగింపు దానికి మనం చెల్లించే మూల్యమని కరోల్ జవాబిచ్చాడు. ఈ ప్రశ్న మనవాళ్ళకూ పాతదే. నాట్యశాస్త్రం ఆరో అధ్యాయం భయానక రసానికి కారణాలుగా వికృతమైన ధ్వనులను, భూతాలు కనబడడాన్ని, అడవినీ పాడుబడిన ఇంటినీ చెప్పి, వాటి పక్కనే గురువుపట్లా రాజుపట్లా చేసిన అపరాధాన్ని కూడా చేర్చింది. బీభత్సం, అంటే ఏవగింపు రసం, నుంచి భయానకం పుడుతుందని కూడా అదే అధ్యాయం అంటుంది. ముప్పూ ఏవగింపూ కలవాలన్న కరోల్ నిర్వచనాన్ని చదివినప్పుడు ఈ మాట గుర్తురాక మానదు. దాదాపు వెయ్యేళ్ళ కిందట కాశ్మీరంలో నాట్యశాస్త్రానికి వ్యాఖ్యానం రాసిన అభినవగుప్తుడు దీనికి ఇచ్చిన ఉదాహరణ శాకుంతలంలోని లేడి. దుష్యంతుడి రథం తరుముకొస్తుంటే అది మెడ తిప్పి తిప్పి వెనక్కు చూస్తూ పరుగెడుతుంది. సగం నమిలిన దర్భలు అలసటతో తెరుచుకున్న నోటి నుంచి దారి పొడవునా రాలిపోతుంటాయి. అక్కడ మనకు కలిగే భయం నాదీ కాదు, లేడిదీ కాదు, శత్రువుదీ కాదు, మిత్రుడిదీ కాదు. దేశకాలాలు అంటని భయం అది, అందుకే దాన్ని ఆస్వాదించగలుగుతాం అన్నాడాయన. ఈ జవాబులో ప్రేక్షకుడు దెయ్యాన్ని నమ్మాలా వద్దా అన్న ప్రశ్నే తలెత్తదు. జేజికీ నాకూ ఇద్దరికీ చోటున్న సిద్ధాంతం నాకు ఇదొక్కటే కనబడింది.

అయితే రసం దేశకాలాలకు అతీతమైనా సినిమా మాత్రం ఒక దేశంలో, ఒక సంవత్సరంలో పుడుతుంది. 1954 మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా మహాశక్తిగల హైడ్రోజన్ బాంబును పేల్చింది; ఆ బూడిద ‘లక్కీ డ్రాగన్’ అనే జపాన్ చేపల పడవలోని 23 మంది మీద రాలింది. అదే ఏడాది నవంబరు 3న ‘గోజిరా’, అంటే గాడ్జిల్లా, విడుదలైంది. సముద్రంలో మునిగిపోయే పడవలతో మొదలైన ఆ సినిమా ఏ గాయం గురించి మాట్లాడుతోందో జపాన్ ప్రేక్షకుడికి ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. 1956లో అమెరికాలో దాన్ని కత్తిరించి, ఒక అమెరికన్ విలేఖరి పాత్రను చేర్చి చూపించారు. కొరియాలో 2006లో వచ్చిన ‘ది హోస్ట్’ వెనుక కూడా ఒక నిజమైన ఘటన ఉంది. సియోల్‌లోని అమెరికా సైనిక స్థావరంలో 2000లో ఫార్మాల్డిహైడ్‌ను మురుగులో పారబోయించారు, అది హాన్ నదిలోకి పోయే దారి. అణిచిపెట్టినదే రాక్షసమై తిరిగి వస్తుందని విమర్శకుడు రాబిన్ వుడ్ చెప్పిన సూత్రానికి ఇంతకంటే సూటి ఉదాహరణలు దొరకవు.

మరి సీమ అణిచిపెట్టుకున్నది ఏమిటి? ధాత కరువు. 1876 నుంచి 1878 వరకు కర్నూలు, కడప, బళ్ళారి జిల్లాలను ఖాళీ చేసిన ఆ కరువులో, సహాయ పనులకు వచ్చిన మగమనిషికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మన తెర మీద సీమ అంటే సుమోలు, వేటకొడవళ్ళు, పగలు. ఆకలితో చచ్చినవాళ్ళు ఒక్క సినిమాలోనైనా దెయ్యాలై వచ్చి అన్నం అడిగిన గుర్తు నాకు లేదు. నా దృష్టిలో సీమకు నిజమైన హారర్ బంగళాలో లేదు. వెయ్యి అడుగుల లోతుకు పోయినా తడి తగలని బోరుబావిలో ఉంది.

సైన్స్ ఫిక్షన్ విషయంలో సాహిత్య విమర్శకుడు దార్కో సువిన్ 1979లో ఇచ్చిన నిర్వచనం ఇప్పటికీ అందరూ మొదట ఎత్తుకునేది. కథాప్రపంచంలో ఒక కొత్త వస్తువు ప్రవేశించాలి. దానివల్ల మన లోకం మనకే వింతగా కనబడాలి. ఆ వింత తర్కానికి లొంగాలి. ఈ కొలతతో చూస్తే ‘మాయాబజార్’లోని ప్రియదర్శిని పేటిక సైన్స్ ఫిక్షన్ కాదు, మాయ. మన తాడిపత్రి వాడైన కె.వి. రెడ్డి 1957లో ఆ పెట్టెను చూపించారు. మన దేశంలో టెలివిజన్ ప్రసారాలు మొదలైంది 1959లో. అయినా ఆ పెట్టె ఎలా పనిచేస్తుందో కథ చెప్పదు. ఆయన దగ్గరే పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు 1991లో తీసిన ‘ఆదిత్య 369’లో మాత్రం శాస్త్రవేత్త ఉన్నాడు, యంత్రం ఉంది. ఇంగ్లీషు రచయిత వెల్స్ 1895లో ఊహించిన కాలయంత్రం నేరుగా భవిష్యత్తులోకి పోతే, మన యంత్రం ముందుగా కృష్ణదేవరాయల కొలువుకు పోయింది. 1928లో నంద్యాల సభలో దత్తమండలాలు అన్న పేరును వదిలి రాయలసీమ అన్న పేరు పెట్టుకున్న ప్రజలకు, ఆ యంత్రం ముందుగా అటే తిరగడం వింతగా తోచదు. 2504వ సంవత్సరానికి అది ఆ తర్వాతే వెళ్ళింది.

కాలజ్ఞానాన్ని మన మొదటి సైన్స్ ఫిక్షన్ అనేవారున్నారు. నేను ఒప్పుకోను, అయితే దాన్ని తక్కువ చేయడానికి కాదు. ‘బ్రహ్మంగారు ఎప్పుడో చెప్పారు’ అన్న మాట ఎప్పుడూ సంఘటన జరిగాకే వినబడుతుంది. వాక్యం వెనక్కు తిరిగి అర్థం తెచ్చుకుంటుంది. సైన్స్ ఫిక్షన్ జోస్యం చెప్పదని, ఇప్పటి లోకాన్నే వర్ణిస్తుందని అమెరికన్ రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1976లో రాశారు. జగదీశ్ చంద్ర బోస్ 1896లో బెంగాలీలో తలనూనెతో తుపానును అణచిన కథ రాశారు. బేగం రొకేయా 1905లో ‘సుల్తానాస్ డ్రీమ్’లో స్త్రీలు నడిపే ఒక దేశాన్ని ఊహించారు, అక్కడి విద్యావంతులైన స్త్రీలు ఆకాశంలోకి బుడగను పంపి గాలిలోని నీటిని కావలసినంత దించుకుంటారు. పరదా చాటున ఉన్న స్త్రీ ఊహించిన ఆ బుడగ సువిన్ చెప్పిన కొత్త వస్తువుకు అచ్చమైన ఉదాహరణ. అనంతపురంలో కూర్చుని ఆ పుట చదివినప్పుడు నేను చాలాసేపు పుస్తకం మూయలేకపోయాను.

యాగంటిలో బసవన్న పెరుగుతున్నాడని, ఒకప్పుడు చుట్టూ ప్రదక్షిణ చేసే వీలుండేదని, ఇప్పుడు స్తంభం అడ్డొస్తోందని అక్కడివారు చెబుతారు. కిందటిసారి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన రాతి వీపుకూ స్తంభానికీ మధ్య తన అరచేతిని నిలువుగా దూర్చి చూపించాడు. “మా నాయన ఈడ్నుంచే తిరిగేవాడంట. నాకు చెయ్యి మాత్రం పడ్తాది” అన్నాడు. తర్వాత పక్కనున్న మనవడి చేతిని కూడా పట్టి అదే సందులో పెట్టించి, వేళ్ళు ఎంతవరకు పోయాయో వంగి చూశాడు.